గుర్రాల నరాల జబ్బులకు స్టెమ్ సెల్ చికిత్స: తరచుగా అడిగే ప్రశ్నలు

లాయంలో ఒక గుర్రం తూలడం మొదలుపెడితే యజమానికి, ట్రైనర్‌కి, గుర్రాన్ని చూసుకునే సైసుకి ఎవరికీ నిద్ర పట్టదు. ఫోన్లో వెతికితే స్టెమ్ సెల్స్ అన్న మాట పదే పదే కనిపిస్తుంది. అది చూసి ఆశపడి అడిగేవాళ్ళ కోసం ఈ జవాబులు. ముందే చెప్పేస్తున్నాం: గుర్రాల మెదడు, వెన్నుపాము జబ్బులకు ఈ చికిత్స ఇప్పటికీ ప్రయోగ దశలోనే ఉంది. దాని వెంట పడేముందు జబ్బేమిటో తేల్చుకోవాలి. తూలడానికి గల కారణాల్లో కొన్నింటికి చవకైన మందులే ఉన్నాయి, కానీ ఆలస్యం చేస్తే అవి కూడా అక్కరకు రావు.

స్టెమ్ సెల్స్ అంటే ఏమిటి? గుర్రాలకు వాడేవి ఏ రకం?

స్టెమ్ సెల్స్‌నే మూలకణాలు అంటారు. అవి తమలాంటి కణాలను పుట్టిస్తూనే, అవసరాన్ని బట్టి వేరే రకం కణాలుగా కూడా మారగలవు. గుర్రాల వైద్యంలో వాడేవి దాదాపు అన్నీ మీసెంకైమల్ రకం. రొమ్ము ఎముక లేదా తుంటి ఎముకలోని మజ్జ నుంచి, తోక మొదలు దగ్గరి కొవ్వు నుంచి, ఈనినప్పుడు బొడ్డుతాడు నుంచి వీటిని తీస్తారు. మజ్జలో ఇవి చాలా అరుదు, లక్ష కణాల్లో ఒకటి నుంచి పది వరకు ఉంటాయంతే. అందుకే ల్యాబ్‌లో రెండు నుంచి నాలుగు వారాలు పెంచి, లక్షల సంఖ్యకు తెచ్చాకే వాడతారు. తీసిన రోజే ఎక్కించే పద్ధతులూ ఉన్నాయి గానీ, వాటిలో అసలు మూలకణాలు ఎన్నున్నాయో చెప్పడం కష్టం.

ఈ కణాలు నరాల కణాలుగా మారి, దెబ్బతిన్న వెన్నుపామును అతికిస్తాయా?

అతికించవు. చాలామంది ఊహించుకునేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

మజ్జ నుంచో కొవ్వు నుంచో తీసిన కణాలు గుర్రం ఒంట్లోకి వెళ్ళి, పనిచేసే నరాల కణాలుగా మారాయనడానికి నమ్మదగ్గ రుజువు లేదు. అవి అక్కడ ఎక్కువ కాలం బతకవు కూడా. ఉన్న ఆ కొద్ది రోజుల్లో కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటిలో కొన్ని వాపును తగ్గిస్తాయి, కొన్ని చావుబతుకుల్లో ఉన్న నరాల కణాలకు ఆసరా ఇస్తాయి, కొన్ని కొత్త రక్తనాళాలు మొలిచేలా చేస్తాయి. లాభం ఏదైనా ఉంటే అది ఈ దారిలో రావాల్సిందే. కాబట్టి గాయం కొత్తది, వాపు ఇంకా ఉంది అంటే ఎంతో కొంత ఆశ పెట్టుకోవడంలో అర్థముంది. ఏళ్ళ తరబడి నొక్కుకుపోయి మచ్చ కట్టిన వెన్నుపాము విషయంలో ఆ తర్కం బలహీనపడుతుంది.

మా గుర్రం వెనక కాళ్ళు సరిగ్గా పడటం లేదు. కాలి నొప్పా, నరాల జబ్బా ఎలా తెలుస్తుంది?

నొప్పితో కుంటే గుర్రం ప్రతి అడుగూ ఒకేలా కుంటుంది. ఫలానా కాలు అని మీరు చూపించగలరు. నరాల జబ్బున్న గుర్రానికి తన కాలు ఎక్కడుందో తనకే సరిగ్గా తెలియదు. అందుకే ఒక అడుగు బాగా వేసి, తర్వాతి అడుగు ఎక్కడో వేస్తుంది.

ముందు గిట్టలు చూడండి. వెనక గిట్టల ముందుభాగం అరిగిపోయి ఉంటే, కాలు పూర్తిగా ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడుస్తోందని అర్థం. తర్వాత చిన్న గుండ్రంలో తిప్పించండి. బయటి వైపు వెనక కాలు అవసరానికి మించి విసురుగా బయటికి పోతుందేమో, తిప్పడం ఆపాక కాళ్ళు అడ్డదిడ్డంగా పెట్టుకుని అలాగే నిలబడిపోతుందేమో గమనించండి. గుర్రం నడుస్తుండగా డాక్టర్ పక్క నుంచి తోకను తన వైపు లాగి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం వెంటనే బిగబట్టి ఎదురు లాగుతుంది, నీరసించినది లాగిన వైపు ఒరిగిపోతుంది. తల పైకెత్తి పట్టుకుని వాలులో నడిపిస్తే, మామూలు నేల మీద కనిపించని తూలుడు కూడా బయటపడుతుంది. ఇవన్నీ డాక్టర్ ముందే చేయాలి. తూలే గుర్రం మీద పడితే మనిషి ప్రాణానికే ముప్పు.

చూసిన దాన్ని 0 నుంచి 5 వరకు గ్రేడుగా రాస్తారు. 0 అంటే మామూలు నడక. 1 అంటే ప్రత్యేక పరీక్షల్లో మాత్రమే కనిపించే తేడా. 4 అంటే పడిపోయేంత తూలుడు, 5 అంటే లేవలేని స్థితి. ఈ గ్రేడును తేదీతో రాసిపెట్టుకుని, ప్రతిసారీ వీడియో తీసి ఉంచండి. తర్వాత ఏ చికిత్స చేయించినా, పనిచేసిందా లేదా అన్నది తేల్చేది ఈ రికార్డే.

తూలడానికి మన దగ్గర ముఖ్యమైన కారణాలు ఏవి?

అమెరికా సైట్లు చదివి వచ్చేవాళ్ళు ముందు ఈపీఎం అనే నరాల జబ్బు గురించి అడుగుతారు. అది సార్కోసిస్టిస్ న్యూరోనా అనే పరాన్నజీవి వల్ల వస్తుంది. దాన్ని మోసే ఒపోసమ్ అనే జంతువు అమెరికా ఖండాల్లోనే ఉంటుంది. అక్కడి నుంచి తెచ్చిన గుర్రమైతే తప్ప ఇక్కడ దాని గురించి బెంగ అక్కర్లేదు.

మన దేశంలో ముందుగా అనుమానించాల్సింది కుమ్రీ. ఆవులు, గేదెల పొట్ట లోపల సెటేరియా డిజిటాటా అనే సన్నటి తెల్లటి పురుగు ఉంటుంది. వాటికి పెద్దగా హాని చేయదు. ఆ పశువును కుట్టిన దోమ గుర్రాన్ని కుడితే మాత్రం, పిల్ల పురుగు దారితప్పి వెన్నుపాములోకి దూరుతుంది. నిన్నటిదాకా బాగున్న గుర్రం ఒక్కసారిగా నడుము వదిలేసినట్టు వెనకభాగం ఊగిస్తూ నడుస్తుంది. ఈ జాతి పురుగే కంట్లోకి చేరితే నల్లగుడ్డు ముందు తెల్లటి దారంలా ఈదుతూ కనిపిస్తుంది. అది చూసినవాళ్ళు జన్మలో మర్చిపోరు. కుమ్రీకి పురుగుల మందు, వాపు తగ్గించే మందు తొందరగా పడాలి. వెన్నుపాము లోపల పురుగు తిరుగుతుండగా స్టెమ్ సెల్స్ గురించి ఆలోచించడం విలువైన రోజులను పోగొట్టుకోవడమే.

రెండోది సర్రా. జోరీగలు మోసే ట్రిపనోసోమా ఎవాన్సీ వల్ల వస్తుంది. వచ్చిపోయే జ్వరం, రక్తహీనత, కాళ్ళ వాపు ముందుంటాయి, ముదిరితే వెనకభాగం బలహీనపడుతుంది. రక్తపరీక్షలో తేలుతుంది, మందు ఉంది. ఇవి కాక జపనీస్ ఎన్‌సెఫలైటిస్, వెస్ట్ నైల్ వంటి వైరస్‌లు, హెర్పిస్ వైరస్ నరాల రూపం, పడటం వల్ల తగిలిన దెబ్బలు, లేత వయసు రేసు గుర్రాల్లో మెడ వెన్నుపూసలు వెన్నుపామును నొక్కే వాబ్లర్ జబ్బు ఉన్నాయి.

రేబిస్‌ను ఎప్పుడూ మర్చిపోకండి. గుర్రాల్లో అది కొన్నిసార్లు కేవలం తూలుడుగానో, గొంతు పట్టేసినట్టుగానో మొదలవుతుంది. గొంతులో ఏదో అడ్డుపడిందని వట్టి చేతులు నోట్లో పెట్టవద్దు. కారణం తేలేదాకా దగ్గరికి వెళ్ళే మనుషులను తగ్గించండి, గ్లవ్స్ లేకుండా లాలాజలం తాకనివ్వకండి.

వాబ్లర్ జబ్బుకు స్టెమ్ సెల్స్ ఎంతవరకు పరీక్షించారు?

ఈ విషయంలో అన్నిటికంటే ఉపయోగపడే పని అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో జరిగింది. ఫలితాలు 2018లో వచ్చాయి. ఆరు ఆరోగ్యమైన గుర్రాలకు, వేరే గుర్రాల కొవ్వు నుంచి తీసి పెంచిన కణాలను ఒక్కో దానికి 10 కోట్ల చొప్పున వెన్ను నీటిలోకి, అంటే వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించారు. మూడింటికి తల వెనక, మెడ మొదట్లో. మూడింటికి నడుము కింద. 30 రోజులు గమనిస్తే నడకలో గానీ, రక్తంలో గానీ, వెన్ను నీటిలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంత మోతాదు ఎక్కించినా హాని కనిపించలేదన్న మాట చెప్పగలిగేది దీని వల్లే.

కొన్ని కణాలకు రేడియోధార్మిక గుర్తు పెట్టి అవి ఎటు పోతున్నాయో కూడా చూశారు. మెడ మొదట్లో ఎక్కించినవి నడుము దాకా పాకాయి. నడుము దగ్గర ఎక్కించినవి మాత్రం వెనక్కే పోయాయి, మెడ వైపు చాలా కొద్దిగా వచ్చాయి.

తర్వాత వాబ్లర్ జబ్బున్న మూడు గుర్రాలకు పచ్చగా మెరిసే గుర్తు పెట్టిన కణాలు ఇచ్చి, ఒకటి రెండు వారాల తర్వాత నొప్పి లేకుండా ప్రాణం తీసి, నాడీవ్యవస్థ మొత్తం పరీక్షించారు. నొక్కుకుపోయిన చోట ఆ కణాలు కనబడలేదు. దెబ్బ ఎక్కడుందో కణాలు తమంతట తామే వెతుక్కుని అక్కడికి చేరతాయని ప్రకటనల్లో రాసే మాటను ఈ ఫలితంతో పోల్చి చదవండి. గుర్రాలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ప్రాణాలిచ్చాయి, ఆ జవాబును దాచి మందు అమ్మడం అన్యాయం.

ఆ పరిశోధన నడక మెరుగవుతుందా లేదా అని తేల్చడానికి చేసింది కాదు. ఆ ప్రశ్నకు పెద్ద సంఖ్యలో గుర్రాలతో, చికిత్స ఇవ్వని గుర్రాలతో పోల్చి చేసిన పరీక్ష ఇంకా రావాలి.

మరి వాబ్లర్‌కు దారేది?

ఎముక వెన్నుపామును నొక్కుతున్నప్పుడు ఆ నొక్కుడు తీయాలి. కణాలు ఎముకను జరపలేవు. 1970ల చివరి నుంచి అమెరికాలో చేస్తున్న ఆపరేషన్‌లో రెండు మెడ పూసల మధ్య లోహపు స్థూపం పెట్టి అవి కదలకుండా కలిసిపోయేలా చేస్తారు. 1977లో అమెరికా ట్రిపుల్ క్రౌన్, అంటే అక్కడి మూడు పెద్ద రేసులూ గెలిచిన సియాటిల్ స్లూ అనే గుర్రానికి 2000లో ఈ ఆపరేషన్ జరిగింది. అప్పటికి దాని వయసు 26. కోలుకుని మళ్ళీ బ్రీడింగ్‌కు వెళ్ళింది. 2002లో ఇంకోసారి చేయాల్సి వచ్చింది, ఆ ఏడాది మే నెలలో చనిపోయింది. ఆపరేషన్‌తో సాధారణంగా ఒకటి రెండు గ్రేడ్ల మెరుగుదల ఆశిస్తారు. అందుకే గ్రేడ్ 2 గుర్రానికి, గ్రేడ్ 4 గుర్రానికి చెప్పే భవిష్యత్తు ఒకటి కాదు. ఏడాది లోపు పిల్లల్లో తొందరగా పట్టుకుంటే మేత తగ్గించి, తిరగనివ్వకుండా కట్టడి చేసి కొన్నింటిని గట్టెక్కించారు.

టెండన్ గాయాలకు బాగా పనిచేస్తుందంటారు కదా, నరాలకు ఎందుకు చేయదు?

టెండన్ అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది. దాని విషయంలో ఆధారాలు ఎక్కువే. బ్రిటన్‌లో 2003 నుంచి ముందు కాళ్ళ టెండన్ దెబ్బలకు గుర్రం సొంత మజ్జ కణాలు వాడారు. 2012లో వెలువడిన లెక్కలో 113 రేసు గుర్రాల్లో తిరిగి దెబ్బ తగిలినవి దాదాపు 27 శాతం. పాత పద్ధతుల్లో ఇది అంతకన్నా బాగా ఎక్కువ ఉండేది. అయితే ఆ లెక్కలో కూడా పక్కపక్కన పోల్చడానికి చికిత్స ఇవ్వని గుంపు లేదు.

టెండన్‌లో దెబ్బ తగిలిన చోట ఒక గుంట ఏర్పడుతుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో సరిగ్గా అందులోనే కణాలు నింపొచ్చు. వెన్నుపాములో అలా గుచ్చలేం. చుట్టూ ఉన్న నీటిలో వదిలి ఎదురుచూడాల్సిందే. పైగా టెండన్ ఎంతో కొంత తనంతట తానే మానుతుంది, వెన్నుపాములో తెగిన తంతువులు మళ్ళీ కలవడం అరుదు.

వేరే జంతువుల్లో ఏమైనా మంచి ఫలితాలు ఉన్నాయా?

కుక్కల్లో ఉన్నాయి. కేంబ్రిడ్జ్ పరిశోధకులు వెన్నుపాము దెబ్బతిని వెనక కాళ్ళు పడిపోయిన 34 పెంపుడు కుక్కల మీద చేసిన పరీక్ష 2012లో వెలువడింది. వాడినవి మజ్జ కణాలు కావు, ముక్కు లోపలి పొర నుంచి తీసినవి. వాటిని నేరుగా వెన్నుపాములోకి ఎక్కించారు. కణాలు పొందిన కుక్కల్లో ముందు, వెనక కాళ్ళ నడక కలిసిరావడం మెరుగైంది. కానీ మెదడుకూ వెనకభాగానికీ మధ్య తెగిన సంబంధం తిరిగి ఏర్పడినట్టు మొత్తం గుంపులో కనబడలేదు. ఏది మెరుగైంది, ఏది కాలేదు అని విడివిడిగా చెప్పిన పరిశోధన కాబట్టి దాని మీద మాకు గౌరవం. గుర్రాలకూ ఇలాంటిదే కావాలి.

వెన్నులోకి కణాలు ఎలా ఎక్కిస్తారు? సెలైన్‌లా రక్తనాళంలోకి ఇస్తే సరిపోదా?

రక్తనాళంలోకి ఇస్తే చాలా కణాలు ముందు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి. అందుకే వెన్ను నీటి దారి.

నడుము దగ్గరైతే గుర్రాన్ని నిలబెట్టే, కొద్దిగా మత్తిచ్చి, 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవు సూదితో ఎక్కించవచ్చు. మెడ మొదట్లో ఎక్కించాలంటే సాధారణంగా పూర్తి మత్తిచ్చి పడుకోబెట్టాలి. అసలు చిక్కు ఇక్కడే. కణాలు బాగా పాకే దారి మెడ దారి. కానీ తూలే గుర్రానికి పూర్తి మత్తిచ్చాక అది లేచి నిలబడే ఆ అరగంట చాలా ప్రమాదకరం. పడి కాలో మెడో విరగ్గొట్టుకోవచ్చు. మెడలో మొదటి రెండు పూసల మధ్య, అల్ట్రాసౌండ్ సాయంతో, నిలబెట్టే సూది వేసే పద్ధతి ఒకటి వచ్చింది. దానికి చేయి తిరిగిన డాక్టర్ ఉండాలి. ఎవరైనా ఈ చికిత్స చేస్తామంటే ఏ దారిలో, ఎలా లేపుతారు అని తప్పకుండా అడగండి.

సొంత కణాలు మంచివా, దాత కణాలా?

సొంతవైతే ఒళ్ళు తిరస్కరించే భయం తక్కువ, కానీ పెంచడానికి వారాలు పడుతుంది. నరాల గాయంలో ఆ వారాలు ఖరీదైనవి. దాత కణాలు గడ్డకట్టించి సిద్ధంగా ఉంటాయి. అయితే గుర్రాల్లో దాత కణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవుతాయని 2015 నాటికే తేలింది. ఒకసారి ఇబ్బంది లేకపోయినా, రెండో మూడో సారి అదే దాత కణాలు ఇస్తే ఒళ్ళు ఎదురు తిరగవచ్చు. కణాలను దూడ సీరంలో పెంచితే ఆ ప్రొటీన్‌ల అవశేషాలు కూడా వాపు తెస్తాయి.

ప్రమాదాలు ఏమిటి?

సూది దారిలో ఇన్‌ఫెక్షన్ చేరి మెదడు పొరల వాపు రావడం అన్నిటికంటే భయపడాల్సినది. జ్వరం, మెడ బిగుసుకోవడం, నడక ఇంకా దిగజారడం కనిపిస్తే ఆ రోజే డాక్టర్‌కి చెప్పాలి. కణాలతో పాటు అదే సిరంజిలో యాంటీబయాటిక్ కలిపితే జాగ్రత్త అనుకునేవాళ్ళున్నారు. అమికాసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్‌లు ఈ కణాలను చంపుతాయని ల్యాబ్ పరీక్షల్లో కనబడింది. లిగ్నోకెయిన్ వంటి తిమ్మిరి మందులూ అంతే.

గుర్రం పరిగెత్తేటప్పుడు గొంతులో గుర్రుమని శబ్దం వస్తోంది. అదీ నరాల జబ్బే అన్నారు. దానికి పనికొస్తుందా?

గొంతు ఎడమవైపు కండరాన్ని కదిలించే నరం మెదడు నుంచి ఛాతీ దాకా దిగి, గుండె దగ్గర చుట్టు తిరిగి, మళ్ళీ గొంతుకు ఎక్కుతుంది. పెద్ద గుర్రాల్లో దాని పొడవు రెండు మీటర్లు దాటుతుంది. నరం తిరిగి పెరిగే వేగం రోజుకు సుమారు ఒక మిల్లీమీటర్. అంత దూరం మొదటి నుంచి పెరగాలంటే ఏళ్ళు పడుతుంది, ఈలోగా కండరం ఎండిపోతుంది. కాబట్టి గొంతు తెరుచుకుని ఉండేలా కుట్టే ఆపరేషన్, లేదా పక్కనున్న మెడ నరాన్ని ఆ కండరంలోకి నాటే ఆపరేషన్ చేస్తారు. స్టెమ్ సెల్స్ ఇక్కడా పరిశోధన స్థాయిలోనే ఉన్నాయి.

ఎక్కడైనా ప్రభుత్వ అనుమతి ఉందా?

నరాల జబ్బులకు అనుమతి పొందిన గుర్రాల స్టెమ్ సెల్ మందు లేదు. ఐరోపాలో 2019లో ఆర్టి-సెల్ ఫోర్టే, హార్‌స్టెమ్ అనే రెండింటికి అనుమతి వచ్చింది. రెండూ కీళ్ళ అరుగుదలతో వచ్చే కుంటుడుకు. 2022లో వచ్చిన రెన్యుటెండ్ టెండన్, లిగమెంట్ గాయాలకు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి కణాలను జంతువుల మందులుగానే లెక్కగడుతుందని 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది.

మన దగ్గర హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు గుర్రం ఉమ్మనీటి నుంచి ఇలాంటి కణాలను వేరుచేసి, టెండన్ కణాల వైపు మళ్ళించే పని చేశారు. పరిశోధన ఉంది. కానీ ఫలానా చోటికి వెళ్తే వెన్నుపాము బాగవుతుందని చెప్పే స్థితి లేదు. రేసు గుర్రమైతే ఏ కణాల సూదికైనా ముందు రేస్ క్లబ్ డాక్టర్‌తో మాట్లాడండి, హైదరాబాద్ మలక్‌పేట అయినా బెంగళూరు అయినా.

ఎవరైనా చేస్తామంటే ఏం అడగాలి?

నా గుర్రం జబ్బు పేరేమిటి, ఏ పరీక్షతో తేల్చారు అన్నది మొదటి ప్రశ్న. దానికి సూటి జవాబు రాకపోతే అక్కడితో ఆపేయొచ్చు. తర్వాత కణాలు ఎక్కడివి, ఎన్ని, ఎక్కించే సమయానికి ఎన్ని బతికున్నాయి, ఇన్‌ఫెక్షన్ పరీక్ష రిపోర్టు ఏది, ఏ దారిలో ఇస్తారు అని అడగండి. ముందు గ్రేడు, తర్వాత గ్రేడు ఎవరు వేస్తారు అన్నది కూడా ముఖ్యం. చికిత్స చేసిన మనిషే కాకుండా, ఏ వీడియో ముందుది ఏది తర్వాతది అని తెలియని ఇంకో డాక్టర్ వేస్తే ఆ మాటకు విలువ. కొన్ని గుర్రాలు విశ్రాంతితోనే మెరుగవుతాయి. ఆ మెరుగుదలను సూది ఖాతాలో వేసుకోవడం చాలా సులువు.

ఈలోగా లాయంలో ఏం చేయాలి?

తూలే గుర్రం ఎక్కవద్దు, పిల్లలను అసలే ఎక్కించవద్దు. జారని నేల, మందంగా పరుపు, గోడలకు మొనదేలినవి లేకుండా చూడండి. ఒంటరిగా కాకుండా, ఇంకో నెమ్మదైన గుర్రం కనబడేచోట కట్టండి. భయపడిన గుర్రం ఎక్కువ పడుతుంది. సాయంత్రం వలలు, ఫ్యాన్లు పెట్టి దోమలను ఆపండి, పశువుల పాకను దూరంగా ఉంచండి. హెర్పిస్ అనుమానం ఉంటే బకెట్, కళ్ళెం, సైసు అన్నీ వేరు. 2021లో స్పెయిన్‌లోని వాలెన్సియా పోటీల్లో మొదలై ఇతర ఐరోపా దేశాలకు పాకింది ఈ వైరస్సే.

పచ్చి మేత దొరకని గుర్రాల్లో విటమిన్ ఈ తగ్గి నరాలు దెబ్బతినడం ఉంది. రక్తంలో ఎంతుందో చూపించి, తక్కువుంటే డాక్టర్ చెప్పిన మోతాదులో సహజ రకం విటమిన్ ఈ ఇవ్వండి. దుకాణంలో దొరికే సెలీనియం కలిపిన రకాన్ని మోతాదు పెంచి పోయవద్దు. సెలీనియం ఎక్కువైతే విషం. లేవలేని గుర్రాన్ని కొన్ని గంటలకోసారి పక్క మార్చాలి, మూత్రం పోస్తోందో లేదో చూడాలి. అలా పడిపోయిన గుర్రానికి డాక్టర్ వచ్చేదాకా బలవంతంగా నోట్లో ఏమీ పోయవద్దు.